పత్తిచేలనుండి వచ్చిన పాట
(సంఘ వార్షికోత్సవ సందర్భమున సంగీత గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ వేదికపై త్యాగరాజస్వామిని గూర్చియు, క్షేత్రయ్యను గూర్చియు, జానపద గేయములను గూర్చియు మాటలాడుట పరిపాటి. ఈ సాయంకాలమున నేను ఎన్నుకొనిన విషయము అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టి, అచటనే పెరిగి, అచటనే కన్నుమూసిన ఒక గాయకుని జీవితము. అతని పేరు కార్ల్ పెర్కిన్స్. 'రాకబిలీ' అనబడు సంగీత రీతికి మూలపురుషులలో నొకడు. 'కంట్రీ' అనబడు పల్లెబాణీ గానమునందును పేరు గడించినవాడు. తెలుగు సంఘమున ఈ ప్రసంగమేల అని మీలో కొందరు అడుగవచ్చును. పొలములో కూలిపని చేయువాని నోట పుట్టిన పాట నగరమునకు ఎట్లు చేరును? చేరిన పిదప దాని ఫలము ఎవరికి దక్కును? దక్కనివాడు ఏమగును? ఈ ప్రశ్నలు మన పాటలకును వర్తించును. వానికి ఒక మనిషి జీవితమున దొరకిన సమాధానమును మీ ముందుంచుటయే నా ఉద్దేశము.

పెర్కిన్స్ 1932వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన టెనెసీ రాష్ట్రపు వాయవ్య భాగమున, మిసిసిపీ నదికి చేరువనున్న టిప్టన్‌విల్ అను చిన్న పట్టణము దాపున జన్మించెను. తండ్రి బక్ పెర్కిన్స్, తల్లి లూయీజ్. ముగ్గురన్నదమ్ములలో కార్ల్ నడిమివాడు. అన్న పేరు జే. తమ్ముని పేరు క్లేటన్. ఆ కుటుంబమునకు సెంటు భూమియైనను లేదు. పరుల భూమిలో పత్తి పండించి పంటలో భాగము పుచ్చుకొను పాలికాపుల బ్రతుకు వారిది. ఆ పద్ధతి మనకు క్రొత్తది కాదు. భూస్వామి నిలువ నీడయు, విత్తనమును ఇచ్చును. ఏడాది పొడుగున అరువు తెచ్చుకొనిన తిండిగింజల వెల ఖాతాలో ఎక్కుచుండును. పంట అమ్మిన దినమున లెక్క చూచుకొనినచో, అప్పు తీరగా మిగులునది బహు స్వల్పము.

ఆరేండ్ల ప్రాయముననే కార్ల్ పత్తిచేనిలో అడుగుపెట్టెను. ఆనాడు దక్షిణ రాష్ట్రములలో తెల్లవారికిని నల్లవారికిని పాఠశాలలు వేరు, దేవాలయములు వేరు, రైలు పెట్టెలు వేరు. చట్టమే వారిని వేరుచేసినది. కాని పేదరికము ఆ గోడను పొలము గట్టున కొంత పడగొట్టినది. పత్తి ఏరు చేతులు ఒకే వరుసలో కదలుచుండగా నల్లవారి భక్తిగీతములు, శ్రమగీతములు ఆ తెల్లపిల్లవాని చెవిలో పడుచుండెను. ఆదివారము చర్చిలో తెల్లవారి కీర్తనలు వినెడివాడు. శనివారము రాత్రి తండ్రి రేడియో పెట్టగా నాష్‌విల్ నగరమునుండి 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అను కార్యక్రమమున పల్లెబాణీ పాటలు వినెడివాడు. ఈ మూడు ప్రవాహములు ఒక బాలుని మనస్సున కలిసినవి. తరువాతి కథయంతయు ఆ సంగమమునుండి పుట్టినదే.

గిటారు కావలెనని పిల్లవాడు మారాము చేయగా, కొనుటకు డబ్బు లేక, తండ్రి ఒక చుట్టల పెట్టెకు చీపురుకర్రను బిగించి వాద్యమొకటి చేసి ఇచ్చెనట. కొంతకాలమునకు పాత గిటారొకటి చవుకగా దొరకినది. దానిని వాయించుట నేర్పినవాడు జాన్ వెస్ట్‌బ్రుక్ అను వృద్ధుడు. అతడు నల్లజాతివాడు, అదే పొలములో కూలివాడు. పిల్లలు అతనిని 'అంకుల్ జాన్' అని పిలిచెడివారు. పని ముగిసిన పిదప ఆ ముసలివాని ఇంటి అరుగుపై కూర్చుండి కార్ల్ స్వరములు నేర్చెను. వాద్యముపైకి వంగి, దాని కంపనము గుండెలోనికి దిగునట్లు వాయింపవలెనని ఆ గురువు ఉపదేశము.

ఆ చదువులో పేదరికము కూడ ఒక ఉపాధ్యాయుడైనది. తీగ తెగినపుడు క్రొత్తది కొనగల స్థోమత లేదు. తెగిన కొనలను ముడివేసి మరల బిగించెడివాడు. స్వరము మార్చుటకు వ్రేలిని జార్చినచో ఆ ముడి వ్రేలిని కోయును. అందువలన వ్రేలిని జార్పక, తీగనే ప్రక్కకు లాగి వంచి, కావలసిన స్వరమును పట్టుట అలవాటు చేసికొనెను. ముందునాళ్లలో ప్రపంచమంతటను గిటారు వాద్యకులు అనుకరించిన అతని బాణీకి ఆ ముడి మూలమని పెర్కిన్సే చెప్పుచుండెడివాడు. మన వీణయందు తీగను మెట్టుపై లాగి గమకము పలికించుట మీకెరుకయే. ఆ బాలుడు వీణను విని యెరుగడు. అవసరమే అతనికి ఆ మార్గము చూపినది.

1947వ సంవత్సరమున ఆ కుటుంబము ఆ రాష్ట్రమందలి జాక్సన్ పట్టణ ప్రాంతమునకు వలసవచ్చెను. అన్నదమ్ములు మువ్వురును కలిసి సారాయి దుకాణములలో పాడసాగిరి. జే తాళపు గిటారు పట్టెను. క్లేటన్ నిలువెత్తు బాస్ వాద్యమును మీటెను. కార్ల్ పాడుచు ప్రధాన గిటారు వాయించెను. త్రాగి తగవులాడు జనము మధ్య పాట నిలువవలెనన్నచో దానికి బిగువు కావలెను, వేగము కావలెను. అందుచేత పల్లెపాటను నల్లవారి 'బ్లూస్' లయలో పాడుట వారికి అభ్యాసమయ్యెను. పగలు కార్ల్ రొట్టెల కర్మాగారమున పనిచేయుచుండెను. 1953లో వాల్డా అను యువతిని వివాహమాడెను. సంసారము పెరిగినది, జీతము చాలదు, రాత్రి పాటవలన వచ్చు నాలుగు డాలర్లు ఇంటికి అక్కరకు వచ్చుచుండెను.

ఇచట 'రాకబిలీ' అను మాటను కొంచెము వివరించవలెను. 'హిల్‌బిలీ' అనగా కొండపల్లెల మోటువాడు. అది నగరవాసులు హేళనగా పెట్టిన పేరు. ఆ మోటువాని పాటకు 'రాక్' అను ఊపు చేరగా పుట్టినది రాకబిలీ. ఇందు వాద్యములు కొద్ది. మొదటి రోజులలో తరచుగా డోలు కూడ ఉండెడిది కాదు. ఆ లోటు తీర్చుటకు బాస్ వాద్యపు తీగలను లాగి, అరచేతితో చరచి, తాళపు చప్పుడు పుట్టించెడివారు. ధ్వని ముద్రణమునందు మరియొక ఉపాయము కలదు. గాయకుని కంఠమును టేపుపై ముద్రించి, క్షణములో చిన్న భాగము ఆలస్యముగా రెండవ యంత్రమునుండి దానినే వినిపించి, రెంటిని కలిపెడివారు. దానివలన ప్రతి మాటకును వెంటనే ఒక చిన్న ప్రతిధ్వని తోడగును. ముగ్గురు నలుగురు పాడినను వాయించినను గదియంతయు నిండినట్లుండును.

ఈ ఉపాయమున ఆరితేరినవాడు మెంఫిస్ నగరమున 'సన్ రికార్డ్స్' సంస్థను నడిపిన శామ్ ఫిలిప్స్. 1950వ సంవత్సరమున చిన్న ముద్రణశాల తెరచి, మొదట బి. బి. కింగ్, హౌలిన్ వుల్ఫ్ మున్నగు నల్లజాతి గాయకుల పాటలను ముద్రించిన ఘనత అతనిది. 1954లో అదే గదిలో ఎల్విస్ ప్రెస్లీ అను పందొమ్మిదేండ్ల యువకుడు పాడిన పాట రేడియోలో వినవచ్చెను. దానిని మొదట విన్నది వాల్డా. ఇది మీరు పాడు రీతియే గదా అని ఆమె భర్తతో అనెనట. మేము ఊరిలో ఏండ్లుగా పాడుచున్నది బయట ఒకడు పాడి పేరు తెచ్చుకొనుచున్నాడని వినినవానికి రెండు భావములు కలుగవచ్చును. కార్ల్‌కు కలిగినది ధైర్యము. ఇట్టి పాటను అచ్చువేయువాడొకడు ఉన్నాడని తెలిసినది. అన్నదమ్ములు, డోలు వాయించు డబ్ల్యు. ఎస్. హాలండ్, వాద్యములను కారుపై కట్టుకొని మెంఫిస్ చేరి ఫిలిప్స్ తలుపు తట్టిరి.

1955 చివర రెండు సంఘటనలు జరిగినవి. నవంబరులో ఫిలిప్స్, డబ్బు చాలక, ప్రెస్లీతోడి ఒడంబడికను 35,000 డాలర్లకు పెద్ద కంపెనీయగు ఆర్.సి.ఏ. విక్టర్‌కు అమ్మివేసెను. ఇక తన ఆశ పెర్కిన్స్‌పై పెట్టుకొనెను. ఆ దినములలోనే మరియొక సన్ గాయకుడు జానీ క్యాష్, తాను వైమానిక దళమున ఉండగా చూచిన ఒక సైనికుని ముచ్చట చెప్పెను. ఆ సైనికునికి తన బూట్లపై అమిత మమకారము. వానిని ఎవరును త్రొక్కరాదు. పాట కట్టుమని క్యాష్ అడుగగా పెర్కిన్స్ అప్పటికి పట్టించుకొనలేదు. తరువాత ఒక నాట్యశాలలో పాడుచుండగా, ఎదుట ఆడుచున్న యువకుడొకడు తన నీలి స్వేడ్ బూట్లు నలుగునని జతగత్తెను కసరుట అతని కంట పడెను. చక్కని పిల్ల ఎదుటనుండగా వీనికి బూట్లే ప్రాణమాయెనే అని అతనికి ఆశ్చర్యము. ఆ రాత్రి ఇంటికి వచ్చి, నిద్రపట్టక లేచి, వేరు కాగితము లేక బంగాళాదుంపలు తెచ్చిన గోధుమరంగు కాగితపు సంచిపై పాట వ్రాసెను. ఆ ఇల్లు ప్రభుత్వము పేదలకై కట్టించిన గృహ సముదాయములోనిది.

స్వేడ్ అనగా పైకి నూగు తేల్చిన మెత్తని తోలు. నీరు తగిలిన పాడగును. మట్టి తగిలిన మాయును. పొలములో పనిచేయువాని కాలికి అది పనికిరాదు. అందుకే అది పేదవాని కన్నులకు గొప్పతనమునకు గురుతు. ఉన్నదంతయు ఊడ్చుకొనిపోయినను ఈ ఒక్కటి ముట్టవలదను పేదవాని అభిమానము ఆ హాస్యపు పాటలో దాగియున్నది. 'బ్లూ స్వేడ్ షూస్' అను ఆ పాటను 1955 డిసెంబరు 19న ముద్రించి, 1956 జనవరి 1న విడుదల చేసిరి. ఆనాడు అమెరికాలో పాటల జనాదరణకు మూడు వేరు వేరు పట్టికలుండెను. నగర శ్రోతలకు ఒకటి, పల్లెబాణీకి ఒకటి, నల్లవారి సంగీతమునకు ఒకటి. సంఘమందలి విభజనయే ఆ పట్టికలలోను కనబడుచుండెను. పెర్కిన్స్ పాట ఆ మూడింటను పైమెట్లకు ఎక్కెను. పది లక్షలకు పైగా అమ్ముడుపోయిన మొదటి సన్ రికార్డు అదియే. వెస్ట్‌బ్రుక్ అరుగుపై నేర్చిన పాఠము గోడలు దాటినది.

అంతలో విధి వక్రించెను. దేశమంతయు చూచు పెరీ కోమో టెలివిజన్ కార్యక్రమమున పాడుటకై 1956 మార్చి 22వ తేదీ తెల్లవారుజామున వారు కారులో న్యూయార్క్ వెళ్లుచుండిరి. డెలవేర్ రాష్ట్రమున డోవర్ పట్టణ సమీపమున ఆ కారు ముందు పోవుచున్న చిన్న ట్రక్కును ఢీకొనెను. కార్ల్ ఎగిరి నీటిలో బోర్లపడగా హాలండ్ అతనిని పైకితీసి ప్రాణము కాపాడెను. కార్ల్‌కు వెన్నుపూసలు విరిగెను. తలకు గట్టి దెబ్బ తగిలెను. అన్న జేకు మెడయెముక విరిగెను. ఆ ట్రక్కు నడుపుచున్న రైతు మరణించెను. ఈ ప్రమాదమును వర్ణించు పెక్కు వ్రాతలు ఒక గాయకుని అదృష్టము పోయినదని వగచును గాని, ఆ రైతును ఒక వాక్యముతో దాటిపోవును. తెల్లవారకమునుపే పనికి బయలుదేరి ఇల్లు చేరని ఆ మనిషిని కూడ ఈ సభలో ఒక క్షణము తలచుకొనుట మన ధర్మము.

పెర్కిన్స్ ఆసుపత్రి మంచముపై నుండగా, ఏప్రిల్ 3వ తేదీన ప్రెస్లీ టెలివిజన్‌లో అదే పాట పాడెను. దీనినిబట్టి, ప్రెస్లీ పెర్కిన్స్ పాటను అపహరించెనని ఒక కథ పుట్టి నేటికిని చెలామణియగుచున్నది. అది న్యాయము కాదు. ప్రెస్లీ ఆ పాటను ప్రమాదమునకు ముందే, ఫిబ్రవరిలోనే, టెలివిజన్‌లో పాడియుండెను. అతని రికార్డు ఆ ఏడాది పట్టికలో 20వ స్థానము దాటలేదు. పెర్కిన్స్ రికార్డే అంతకు మిక్కిలి అమ్ముడుపోయెను. ప్రెస్లీ వాద్యబృందమువారు దారిలో ఆగి ఆసుపత్రిలో పెర్కిన్స్‌ను పరామర్శించిరి. ఇద్దరు గాయకుల మధ్య వైరము లేదు. పెర్కిన్స్ కోలుకొని మే నెలలో అదే కోమో కార్యక్రమమున పాడెను. కాని లోకము రెండు నెలలలో ముందునకు సాగిపోయినది. ప్రెస్లీ అవివాహితుడు, రూపవంతుడు, పెద్ద కంపెనీ అండ గలవాడు. పెర్కిన్స్ సంసారి, బిడ్డల తండ్రి, పొలముపని ముఖమున ముద్రవేసినవాడు. ప్రమాదము లేకున్నను ఆ పందెమున అతడు గెలుచుట కష్టమే. ఈ మాటను దాచి, విధినొక్కదానినే నిందించుట చరిత్రకు అన్యాయము.

1956 డిసెంబరు 4వ తేదీన సన్ ముద్రణశాలలో ఒక చిత్రమైన సంఘటన జరిగెను. పెర్కిన్స్ 'మ్యాచ్‌బాక్స్' అను పాటను ముద్రించుచుండెను. అతనికి పియానో సహకారమిచ్చుచున్నవాడు, అప్పటికి పేరు రాని జెర్రీ లీ లూయిస్. ఊరు చూడవచ్చిన ప్రెస్లీ లోనికి తొంగిచూచెను; జానీ క్యాష్‌యు అచటనే ఉండెను. నలువురును కూడి తాము చిన్ననాడు నేర్చిన భక్తిగీతములను పాడుకొనిరి. ఎవరో అమ్మవలెనని పాడినవి కావు అవి. యంత్రము మాత్రము తిరుగుచుండెను. ఆ ముద్రణము పాతికేండ్లకు, 1981లో, మొదటిసారి లోకమునకు వినబడెను. కీర్తి ఆ నలువురను నాలుగు దిక్కులకు విసరివేసెను గాని, వారి పునాది ఒక్కటే యని ఆ టేపు సాక్ష్యమిచ్చుచున్నది.

పిమ్మటి ఏండ్లు చీకటివి. 1958లో పెర్కిన్స్ కొలంబియా కంపెనీకి మారెను. మరల అంతటి పాట రాలేదు. ఆ ఏడే అన్న జే మెదడులోని కంతివలన మరణించెను. చిన్ననాటినుండి ప్రక్కన నిలిచి తాళము పట్టిన చేయి పోయినది. పెర్కిన్స్ త్రాగుడుకు లోబడెను. దీనిని అందముగా చెప్పుట నా వలన కాదు. త్రాగుడు కళాకారునికి అలంకారమను భ్రమ మన దేశమునను కలదు. దాని వెల చెల్లించినది వాల్డాయు, బిడ్డలును. తమ్ముడు క్లేటన్ 1973లో మరణించెను. ముగ్గురన్నదమ్ముల మేళమున ఒక్కడు మిగిలెను.

1964 మే నెలలో పెర్కిన్స్, చక్ బెర్రీతో కూడి, ఇంగ్లండు పర్యటనకు వెళ్లెను. స్వదేశమున మరచిపోయిన తన్ను అచటి జనము తలచుకొని స్వాగతించుట చూచి అతడు విస్మయము చెందెను. అప్పటికి ప్రపంచమును ఉర్రూతలూపుచున్న బీటిల్స్ బృందమువారు అతనిని కలిసికొని, శిష్యులవలె చుట్టుచేరి, ఈ స్వరమెట్లు పట్టితివి, ఆ తాళమెట్లు వేసితివి అని అడిగిరి. జూన్ 1న వారు 'మ్యాచ్‌బాక్స్' ముద్రించునపుడు పెర్కిన్స్ అచటనే కూర్చుండి చూచెను. ఆ ఏడాదియే అతని పాటలు మరి రెండు వారి రికార్డుపైకి ఎక్కినవి. ఒక్క గాయకుని పాటలు మూడింటిని వారు స్వీకరించుట అరుదైన గౌరవము.

ఆ బృందములో జార్జి హారిసన్‌కు పెర్కిన్స్‌పై గురుభావము. 1960లో, ఇంకను ఎవరికిని తెలియని కుర్రవాడుగా స్కాట్లాండులో పర్యటించినపుడు, అతడు తన పేరును 'కార్ల్ హారిసన్' అని మార్చుకొనెను. ఈ హారిసనే 1966లో మన పండిత రవిశంకర్‌కు శిష్యుడై సితారు నేర్వసాగెను. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ బాధితుల సహాయార్థము వారిరువురు కలిసి ఏర్పరచిన కచేరి మన ఉపఖండమున పెద్దవారికి జ్ఞాపకమే. తీగను లాగి స్వరమును వంచు విద్యను టెనెసీ పత్తిచేని వాని రికార్డులలో మొదట విని మురిసిన చెవియే, పిదప సితారు మీండ్‌కు లొంగినది. ఒకదానికి ఒకటి కారణమని నేను చెప్పజాలను. గురువు ఏ జాతివాడు, ఏ వృత్తివాడు అని చూడక నేర్చుకొను గుణము ఆ శిష్యునియందు మొదటినుండియు ఉన్నదని మాత్రము చెప్పవచ్చును.

1960ల ఉత్తరార్ధమున జానీ క్యాష్ తన కచేరీ బృందమున పెర్కిన్స్‌కు చోటిచ్చెను. సుమారు పదేండ్లు అతడు క్యాష్ వెనుక వరుసలో నిలిచెను. ఒకనాడు సరిజోడులుగా బయలుదేరిన ఇద్దరిలో ఇప్పుడొకడు ప్రధాన గాయకుడు, రెండవవాడు కచేరి ఆరంభమున రెండు పాటలు పాడి పిదప గిటారు వాయించువాడు. క్యాష్ మాత్రలకు బానిస, పెర్కిన్స్ మద్యమునకు బానిస. ఒకరి పతనము ఒకరికి తెలియును. అందుచేత ఒకరినొకరు పట్టుకొని పైకి వచ్చిరి. ఒక పర్యటనలో మితిమీరి త్రాగి స్పృహ తప్పిన పిదప, కాలిఫోర్నియాలో సముద్రపుటొడ్డున పెర్కిన్స్ తన కడపటి సీసాను పసిఫిక్ మహాసముద్రమున విసరివేసెను.

ఆ వెనుక వరుసనుండి వచ్చిన పని చిన్నది కాదు. 1968 జనవరిలో ఫోల్సమ్ చెరసాలలో క్యాష్ చేసిన ప్రఖ్యాత కచేరిలో ఖైదీల ఎదుట మొదట పాడినది పెర్కిన్స్. 1969లో శాన్ క్వెంటిన్ చెరసాల కచేరిలో గిటారు వినిపించినది అతడే. అతడు వ్రాసిన 'డాడీ సాంగ్ బాస్' అను పాటను క్యాష్ పాడగా అది 1969 ఆరంభమున పల్లెబాణీ పట్టికలో ఆరు వారములు ప్రథమ స్థానమున నిలిచెను. తల్లి, తండ్రి, అన్నదమ్ములు కూడి పాడుకొను ఒక పేద కుటుంబము ఆ పాటలోని కథ. తన కంఠమునకు మరల దక్కని ప్రథమ స్థానము తన కలమునకు దక్కినది. ఇరువదేండ్ల తరువాత, 1989లో, తోడి రచయితగా అతడు పాలుపంచుకొనిన మరియొక పాట జడ్స్ అను తల్లీకూతుళ్ల గానమున అదే స్థానము నందెను.

అతని జీవితమున నేను మిక్కిలి గౌరవించు కార్యము పాటలకు వెలుపలిది. బిడ్డలపై జరుగు హింసను గూర్చిన వార్త చదివి కలతచెంది, తన ఊరిలో కచేరీలు జరిపి, విరాళములు ప్రోగుచేసి, 1981లో జాక్సన్‌లో బాలహింసా నివారణ కేంద్రమును స్థాపించుటకు తోడ్పడెను. అది అతని పేరనే వెలసినది. పిల్లప్రాయమును పత్తిచేనికి ధారపోసినవాడు పిల్లల కన్నీరు తుడుచుటకు తన పేరును అప్పగించెను.

1985 అక్టోబరులో లండన్‌లో అతనికై ఒక టెలివిజన్ కచేరి ఏర్పాటయ్యెను. హారిసన్, రింగో స్టార్, ఎరిక్ క్లాప్టన్ మున్నగువారు అతని చుట్టు అర్ధవృత్తముగా కూర్చుండి వాయించిరి. అతని కుమారుడును ఆ మేళమున ఉండెను. 1987లో 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' అతనిని తన గౌరవ పట్టికలో చేర్చెను. 1990లలో గొంతు క్యాన్సరు సోకినను చికిత్సతో కోలుకొని మరల పాడెను. 1998 జనవరి 19వ తేదీన, 65వ ఏట, జాక్సన్‌లో కన్నుమూసెను. అంత్యక్రియలకు హారిసన్ సముద్రము దాటి వచ్చి, గిటారు చేతబట్టి, గురువు పాటనొకదానిని పాడెను. 2006లో అమెరికా పార్లమెంటు గ్రంథాలయమువారు 'బ్లూ స్వేడ్ షూస్' ముద్రణమును జాతీయ భాండాగారమున భద్రపరచుటకు ఎన్నుకొనిరి.

సోదరులారా, మనము ప్రభుత్వోద్యోగులము. జ్యేష్ఠతా పట్టిక యన నేమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. వెనుక చేరినవాడు ముందునకు పోవుట, చేతికందిన స్థానము అనారోగ్యమువలననో బదిలీవలననో జారిపోవుట మన కార్యాలయములలో నిత్యము వినబడు కథలే. అట్టివేళ కడుపులో మంట పెట్టుకొని శేషించిన సర్వీసంతయు గడపినవారిని మనము చూచితిమి. పెర్కిన్స్‌కును ఆ మంట లేకపోలేదు. అది అతనిని కొన్నేండ్లు దహించినది. కాని తన్ను దాటినవానిని ద్వేషించుట అతడు వృత్తిగా చేసికొనలేదు. వెనుక వరుసలో నిలిచినను తీగను పలికించుట మానలేదు. మొదటి వరుస ఒక్కసారి తప్పినంత మాత్రమున మిగిలిన నలువది యేండ్లు వ్యర్థము కావని అతని బ్రతుకు చెప్పుచున్నది.

కాని ఈ కథలో అతనికంటెను వెనుక వరుసవాడు మరియొకడు కలడు. ఆ వృద్ధుడు జాన్ వెస్ట్‌బ్రుక్. రికార్డు చీటీపై అతని పేరు లేదు. పాటల ఆదాయములో అతనికి పాలు లేదు. ఆ పేరు నేడు మనకు తెలియుట, శిష్యుడు జీవితాంతము దానిని చెప్పుచు వచ్చినందుననే. మన పల్లెలలో నాట్లపాటలు, దంపుళ్లపాటలు, జోలపాటలు పాడు అవ్వలు ఎందరో కలరు. వారి పాటలు సినిమాలకును, వేదికలకును ఎక్కుచున్నవి. పాడినవారి పేర్లు ఎక్కడను కానరావు. అందుచేత ఈ సభవారికి నాదొక విన్నపము. సెలవులకు స్వగ్రామములకు వెళ్లినపుడు, చేతిలోని ఫోనుతోనే పాటను పట్టి ఉంచవచ్చును. పట్టునపుడు పాడినవారి అనుమతి కోరుడు. వారి పేరు, ఊరు, తేదీ ముందుగా పలికించి, పిదప పాటను ముద్రింపుడు. ఆ పాట ఎంత దూరము పోయినను ఆ పేరు దానితో పోవలెను. మన సంఘము ఈ ఏడాది అట్టి పాటలు పది సేకరించి, పేర్లతో సహా భద్రపరుపగలిగినచో, ఈ సాయంకాలము మీరు నాకిచ్చిన సమయమునకు ఫలము దక్కినట్లు భావింతును.